పొట్టేలు బండలు

చిన్నప్పటి సంగతులు రాసుకునేంత వయసు నాకింకా రాలేదు. జుట్టు నల్లగానే ఉంది, ఉన్నంతవరకు. కానీ పోయిన ఎండాకాలం కట్టంగూర్ దగ్గరి మా ఊళ్లో, మా ఇంటి ముందరి అర్రలో మోకాళ్ల మీద కూర్చుని, గోడలకు లప్పం పెట్టే రేకుతో నేలకు అంటుకున్న ప్లాస్టిక్ టైల్స్ గీకుతున్నప్పుడు, ఆ వయసు దానంతట అదే వచ్చి నా నడుములో కూర్చుంది. వాటిని దుకాణాల్లో వినైల్ టైల్స్ అంటారు. చూడటానికి చెక్క పలకల్లా ఉంటాయి, కత్తిరిస్తే చెప్పుల అట్టలా తెగుతాయి. మా ఇంట్లో మాత్రం వాటి పేరు పొట్టేలు బండలు. ఆ పేరు పెట్టింది మా అవ్వ. ముద్దుతో పెట్టిన పేరు కాదు. పదేళ్లపాటు అవి మా కాళ్ల కింద ఊడి ఊడి మమ్మల్ని ఏడిపించాయి. చీపురుకు ఊడాయి, తడిగుడ్డకు ఊడాయి, ఒకసారి మా చుట్టపాయన గట్టిగా తుమ్మినందుకు కూడా ఒకటి ఊడిందని అమ్మ ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతుంది. తీరా మేమే పూనుకుని ఊడదీయబోతే, ఒక్కొక్కటీ తల్లిని విడవని పిల్లలా నేలను కావలించుకుని పడుకుంది. ఇన్నేళ్లు అంటుకోమంటే అంటుకోనివి, వదలమంటే వదలలేదు. అంత పట్టుదల నాలో ఉంటే ఈపాటికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చి ఉండేది.

ఇంత హడావుడి ఎందుకంటే, అవ్వ ఇంటికి రావాలి. అవ్వ అంటే మా నాయినను కన్నతల్లి. ఇంట్లో అందరం ఆమెను అవ్వ అనే పిలుస్తాం, నాయిన కూడా. చలికాలంలో ఒక పొద్దున ఆమె పొయ్యి దగ్గరికి పోతూ, పైకి లేచిన టైల్ అంచు కాలి బొటనవేలికి తగిలి పడింది. తుంటి ఎముక విరిగింది. నల్లగొండ దవాఖానలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. దగ్గరలోనే ఉంటుంది కదా అని, అక్కడి నుంచి మా అత్తమ్మ ఇంటికి, అంటే నాయిన అక్క ఇంటికి తీసుకుపోయారు. నాలుగు రోజులు ఉండి వస్తుందనుకున్నాం. ఆ నాలుగు రోజులు సాగి సాగి ఎండాకాలంలో పడ్డాయి. కాలు నయమైంది, నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని నడవడం కూడా వచ్చింది, అయినా ఆమె కదల్లేదు. "నా కాలు ఇరగ్గొట్టిన బండ ఆ ఇంట్ల ఉన్నన్ని దినాలు నేను గడప తొక్క" అని తేల్చి చెప్పింది. మా అవ్వ ఒక మాట అన్నదంటే దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఆమెకు కూడా అధికారం ఉండదు.

నాయినకు ఈ మాట గుచ్చుకున్నంతగా డాక్టరు సూది అవ్వకు గుచ్చుకుని ఉండదు. కొడుకు ఉండగా తల్లి బిడ్డ ఇంట్లో రోజులు వెళ్లదీస్తుంటే మా దిక్కు ఊరు ఊరికే ఉండదు. పొద్దున మంద తోలుకుని పోతుంటే అరుగు మీద కూర్చున్న ప్రతివాడికీ మా అవ్వ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చేది. "ఏమయ్యా, ముసలవ్వ ఇంకా రాలేదా? బిడ్డ దగ్గర్నే మంచిగున్నట్టున్నది?" అని అడిగేవాళ్లు. నాయిన మొదట్లో వాళ్లకు కాలు గురించి చెప్పాడు, తర్వాత డాక్టరు గురించి చెప్పాడు, ఆ తర్వాత గొర్రెలను ఊరి వెనక తొవ్వ నుంచి తోలుకుపోవడం మొదలుపెట్టాడు. అది చుట్టు తొవ్వ, పైగా ముళ్లకంప. గొర్రెలకు కూడా మా కుటుంబ గొడవ అర్థమైపోయి ఉంటుంది. అవతల అవ్వ పరిస్థితీ గొప్పగా ఏమీ లేదు. అత్తమ్మ వాళ్లది పై అంతస్తు, కిటికీలోంచి చూస్తే పక్కింటి నీళ్ల ట్యాంకు. ఫోన్ చేసినప్పుడల్లా "మంచిగనే ఉన్న" అనేది, వెంటనే "పొద్దుగూకుతలేదు" అనేది, ఆ తర్వాత ఈనిన గొర్రెలు ఎన్ని, పిల్లలు తాగుతున్నాయా, ఏ గొర్రె ఏ పిల్లను తన్నేస్తోంది, ఇలా అరగంట. రావాలని ఆమెకూ ఉంది, తీసుకురావాలని ఈయనకూ ఉంది, మధ్యలో ఈ ప్లాస్టిక్. హైదరాబాద్‌లో నేను చేసే ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చింది అందుకే.

అసలు ఆ అర్రలో మొదట ఉన్నవి షాబాదు బండలు. నీలం కలిసిన బూడిద రంగు, ఒకదానికొకటి ఎత్తుపల్లాలు, వాటి సందుల్లో చీమల సంసారాలు. శుక్రవారం పొద్దున్నే అవ్వ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, బకెట్లకు బకెట్లు నీళ్లు గుమ్మరించి, పొరకతో గడప అవతలికి నెట్టేది. మేం ఎక్కడ పడుకున్నామన్నది ఆమెకు సంబంధం లేని విషయం. లేచినవాడు లేచాడు, లేవనివాడికి స్నానం అయిపోయింది. ఆ తడి బండల వాసన, మూలకు మడిచిపెట్టిన గొంగడి వాసన, పొయ్యి మీద కాగుతున్న పాల వాసన, వానాకాలమైతే గంప కింద మూసిన గొర్రెపిల్లల వాసన అన్నీ కలిసి ఒక వాసన తయారయ్యేది. ఇప్పుడు తలుచుకుంటే కమ్మగానే ఉంది. అప్పుడు మాత్రం అది నా అంగీకి అంటుకుని నాతోపాటు నక్రేకల్ కాలేజీకి కూడా వచ్చేది. బస్సులో ఎంత రద్దీ ఉన్నా నా పక్క సీటు ఖాళీగా ఉండేది. హాయిగా కాళ్లు చాపుకుని ఇంటర్ పూర్తి చేశాను.

తెలంగాణ వచ్చిన కొత్త అది. ఊళ్లో అందరికీ ఏదో ఒకటి కొత్తగా చేసెయ్యాలని ఉండేది. ఒకాయన ఇంటికి గులాబీ రంగు వేశాడు, ఇంకొకాయన పాత బండికి కొత్త హారన్ పెట్టించాడు. మా నాయినకు హైవే మీద ఉన్న ఒక హోటల్ నేల కళ్లలో పడింది. ఆ హోటల్‌కు అప్పుడప్పుడు పొట్టేళ్లు ఇచ్చేవాడు. ఒకరోజు లెక్క మాట్లాడటానికి ఏసీ గదిలోకి పిలిచారట. చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టాడట. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని "మెత్తగున్నదే, ఎడ్లబండిల గడ్డి మీద నడిచినట్టు" అన్నాడు అమ్మతో. కూర ఎలా ఉందో అడిగితే కూడా అదే జవాబు. వారం తిరక్కుండానే హోటలాయన దగ్గర మిగిలిపోయిన టైల్స్ పెట్టెలు మా ఇంటికి వచ్చాయి, మా ఇంటి పొట్టేలు ఆయన దగ్గరికి పోయింది. అది మామూలు పొట్టేలు కాదు. తల్లి పాలివ్వకపోతే అవ్వ సీసాతో పాలు పట్టి పెంచినది. కొమ్ములు మెలితిరిగి, నుదుటి మీద పసుపు మరకతో, అవ్వ ఎటు పోతే అటు పోయేది. పొద్దుగూకి చేను నుంచి వచ్చిన అవ్వకు కట్టుకొయ్య ఒక్కటే కనిపించింది.

"పొట్టేలేదిరా?" అంది.

"హోటలాయనకు ఇచ్చిన" అన్నాడు నాయిన.

"ఏమిచ్చిండు?"

నాయిన గోడకు ఆనించిన అట్టపెట్టెలు చూపించాడు. అవ్వ ఒక పెట్టె చింపి, టైల్ బయటికి లాగి, అటూ ఇటూ వంచి, వాసన చూసింది.

"గిది ఈనుతదా? పాలిస్తదా?"

"తొక్కుతమవ్వా. కాళ్లకు మెత్తగుంటది."

"తొక్కుటానికి భూమి సాలలేదా నీకు?" అని ఆ టైల్‌ను మళ్లీ పెట్టెలో పెట్టలేదు, కింద పడేయలేదు, నాయిన చేతిలో పెట్టి లోపలికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు. అప్పటి నుంచి అవి పొట్టేలు బండలే. ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి నేల బాగుందంటే, "మా పొట్టేలు" అని చెప్పేది. వచ్చినవాళ్లు కాలు ఎక్కడ పెట్టాలో తెలియక గడపలోనే నిలబడేవాళ్లు.

మొదటి నెల నాయిన వైభవం చూడాలి. ఇంటికి వచ్చిన ప్రతివాడితో చెప్పులు విప్పించి, "తొక్కి చూడు, తొక్కి చూడు" అని అర్రంతా తిప్పేవాడు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినతను కూడా ఒక రౌండు వేసి పోయాడు. ఆ మెత్తదనం ఒక్కరికే పడలేదు, గొర్రెపిల్లలకు. చిన్న గిట్టలతో ఒక మూలన బయల్దేరి, కాళ్లు నాలుగు దిక్కులకు పోయి, పొట్ట మీద జారుకుంటూ ఇంకో మూలన తేలేవి. అవ్వ వాటిని లేపి, కాళ్లు నిమిరి, నాయిన వైపు చూసేది. పత్రికలవాళ్లయితే ఆ చూపును మొదటి పేజీలో వేసేవాళ్లు. ఇక శుక్రవారం మామూలే, బకెట్లకు బకెట్లు నీళ్లు. నీళ్లు పోయొద్దని నాయిన మొత్తుకున్నాడు. "ప్లాస్టిక్‌కు నీళ్లు ఏం జేస్తయిరా? బిందె ప్లాస్టిక్‌ది గాదా? దాన్ల పోస్తలేమా?" అంది అవ్వ. సైన్స్ గ్రూపు చదువుతున్నానని నాయిన నా వైపు తిరిగాడు, నేను పుస్తకంలోకి తల దూర్చాను.

వానలు పడేసరికి అంచులు లేవడం మొదలైంది. ఒకటి లేస్తే దాని మీద రోలు పెట్టారు. ఇంకొకటి లేస్తే బియ్యం బస్తా. మరొకటి లేస్తే నా పుస్తకాల ట్రంకు పెట్టె, అది చాలదని దాని మీద నేను. మామూలు ఇళ్లల్లో సామాను ఎక్కడ పెట్టాలో మనుషులు చెబుతారు, మా ఇంట్లో టైల్స్ చెప్పేవి. పండుగకు అర్ర సర్దితే బీరువా మధ్యలోకి వచ్చి నిలబడేది. తప్పు ఎవరిదన్న గొడవ కూడా అప్పుడే మొదలై పదేళ్లు నడిచింది. "నీకు అతికిచ్చుడు రాదు" అని అవ్వ, "నువ్వు పోసే నీళ్లకు చెరువు కట్ట గూడ తెగుతది" అని నాయిన. తల్లీకొడుకులు వాన గురించి మాట్లాడుకున్నా, ఓట్ల గురించి మాట్లాడుకున్నా, చివరికి అక్కడికే వచ్చి ఆగేవాళ్లు. అవ్వ పడ్డాక ఆ గొడవ ఆగిపోయింది. తీర్పు వచ్చేసినట్టే కదా. నాయిన దవాఖాన బెంచీ మీద తల వంచుకుని కూర్చున్న తీరు చూస్తే, ఎముక విరగ్గొట్టింది టైల్ కాదు, ఆయనే అన్నట్టుండేది.

సరే, ఊడదీసే పనికి వద్దాం. కొత్త టైల్స్ వేయడానికి కుదుర్చుకున్న మేస్త్రి యాదయ్య వచ్చి, అర్ర మధ్యలో నిలబడి, ఫోన్లోంచి తల ఎత్తకుండానే "ఎందుకన్నా పీకుడు? మీద నుంచి ఏసేద్దాం" అన్నాడు. నాయిన ముఖం వెలిగిపోయింది. తన టైల్స్ కిందైనా బతికి ఉంటాయి కదా. కానీ అలా వేస్తే నేల లేచి తలుపు తెరుచుకోదు, పైగా కింద బోలుగా ఉన్న చోట కొత్తవి పగులుతాయి. అన్నిటికంటే పెద్ద అడ్డంకి అత్తమ్మ ఫోన్ చేసి చెప్పింది. "పీకిన బండలు కుప్ప పోసి ఫోటో పంపాల్నట. ఉత్త మాట నమ్మదట." మా అవ్వకు చదువు రాదు గానీ, ఆధారాలు అడగడం వచ్చు.

కాబట్టి గీకాను. ఫోన్లో ఒక వీడియో చూశాను. ఏ దేశపాయనో, వేడిగాలి కొట్టే మిషన్ పట్టుకుని, దోశ తీసినట్టు టైల్ తీసి పక్కన పెడుతున్నాడు, మధ్యలో నవ్వుతున్నాడు కూడా. మా ఇంట్లో వేడి ఇచ్చేది ఇస్త్రీ పెట్టె ఒక్కటే. పెట్టాను. టైల్ కరిగింది, నేలను వదలకుండానే ఇస్త్రీ పెట్టెనూ పట్టుకుంది. ఆ సంగతి అమ్మకు చెప్పేలోపే ఆమె మా నాయిన తెల్లంగీ ఇస్త్రీ చేసింది. వీపు మీద చెక్క డిజైన్ వచ్చింది. తర్వాత మరిగే నీళ్లు పోశాను, నా కాళ్లు మెత్తబడ్డాయి. దీపాల్లో పోసే గ్యాసు నూనె రాసి చూశాను, ఇల్లంతా కంపు కొట్టి అమ్మ ఆ పూట పొయ్యి ముట్టించడానికి ఒప్పుకోలేదు. రేకు వంగింది, సుత్తి పిడి ఊడింది, ఊడమన్నది తప్ప అన్నీ ఊడాయి. గోడల వెంబడి ఉన్నవైతే గోరంత ముక్కలుగా వస్తున్నాయి, కింద తారులాంటి నల్లటి గమ్ము. నాయిన వాకిట్లో మంచం మీద కూర్చుని గడప లోపలికి చూస్తున్నాడు. టైల్ మొండికేసినప్పుడల్లా ఆయన మీసం కింద చిన్న నవ్వు కదులుతోంది.

"ఊడొస్తలేదా?" అన్నాడు.

"లేదు."

"రాదు. నేను అతికిచ్చింది గది."

"నాయినా, నువ్వు ఎవరి దిక్కు?" అన్నాను, చెమట తుడుచుకుంటూ.

"దిక్కు సంగతి గాదురా. పనితనం సంగతి చెప్తున్న."

అర్ర నడిమికి వచ్చేసరికి వ్యవహారం మారింది. అక్కడి టైల్స్ రేకు తగలగానే పైకి లేచాయి. సంతోషంలో ఒకదాన్ని తిరగేసి చూశాను. వెనక నల్లటి గమ్ము మీద తెల్లటి గీతలు. పక్కదాన్ని తీశాను, దానికీ ఉన్నాయి, వంపు తిరిగిన గీతలు. ఏ బూజో అనుకుని నాలుగైదు టైల్స్ వరుసగా బోర్లా పేర్చాను. గీతకు గీత కలిసింది. అది ముగ్గు. సుక్కలూ, సుక్కల చుట్టూ మెలికలూ, అంచున తీగ, అద్దంలో చూసినట్టు ఎడమ కుడిగా తిరగబడి, పదేళ్లు గమ్ములో ఊరిన ముగ్గు. కింద షాబాదు బండ మీద దాని మిగతా సగం ఇంకా అంటుకునే ఉంది.

ఆ పొద్దుటి సంగతి అప్పుడు గుర్తొచ్చింది. టైల్స్ వేసే రోజున నాయిన గమ్ము డబ్బాల కోసం నక్రేకల్ పోయాడు. పొట్టేలు పోయిన కోపం కడుపులో ఉన్నా, కొత్తది వస్తుంటే ఇల్లు ఉత్తగా ఉండకూడదని అవ్వ బండలు కడిగి, తడి ఆరకముందే, గోడల పక్కన జానెడు వదిలి, అర్ర నిండా ముగ్గు వేసింది. అంత పెద్దది ఆమె వాకిట్లో కూడా ఎప్పుడూ వేయలేదు. తిరిగొచ్చిన నాయిన తలపట్టుకున్నాడు, తుడిచేస్తానన్నాడు. "శుభమాని పని జేస్తూ ముగ్గు చెరుపుతవా? చెరిపితే నేను ఊకోను" అంది ఆమె. ముగ్గు చెరిపే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. నేల ఊడ్చి, పొడిగా ఉండాలని చెప్పే బొమ్మలు గమ్ము డబ్బా మీద ఉన్నాయి, అవి ఎవరూ చూడలేదు. నాయిన ఆ ముగ్గు మీదనే గమ్ము పూసి టైల్స్ పరిచాడు. గమ్ము రాతిని పట్టుకోలేదు, ముగ్గు పిండిని పట్టుకుంది. శుక్రవారం నీళ్లు ఆ గీతల వెంబడి కాలువల్లా పారి, మెలిక మెలికనూ తడుపుకుంటూ పోయాయి. గోడల పక్కన ముగ్గు లేదు, అక్కడ ఇప్పటికీ కదలడం లేదు. అర్ర నడిమి నుంచి పొయ్యి దగ్గరికి పోయే దారిలో, అవ్వ పడ్డ చోట, ముగ్గు అన్నిటికంటే చిక్కగా ఉంది.

నాయిన మంచం దిగి వచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు, వేలితో గీత వెంబడి రాశాడు, మళ్లీ చూశాడు.

"సూసినవా?" అన్నాడు నాతో. తర్వాత గట్టిగా, వంటింటి వైపు, "ఓయ్, సూసినవా? నాకు అతికిచ్చుడు రాదన్నరు. పదేండ్ల సంది అన్నరు!"

ఆ రోజు ఆ టైల్‌ను తువ్వాలలో చుట్టుకుని యాదయ్యకు చూపించాడు, ఎదురింటి వాళ్లకు చూపించాడు, కిరాణం దుకాణంలో ఉప్పు పాకెట్ కొని దాంతోపాటు చూపించాడు. మర్నాడు పొద్దున మందను అరుగుల ముందు నుంచి తోలుకుపోయాడు, తల ఎత్తుకుని. గొర్రెలకు కూడా తారు రోడ్డు దొరికింది. సాయంత్రం వచ్చి, ఆదివారం నల్లగొండ పోతానని, ఆ టైల్ అవ్వ ముందు పెడతానని ప్రకటించాడు. చాటలో బియ్యం చెరుగుతున్న అమ్మ చెయ్యి ఆగింది.

"పెట్టి ఏమంటవ్? నీ కాలు నువ్వే ఇరగ్గొట్టుకున్నవ్ అంటవా?"

"అనను. ఊకె సూపిస్త."

"సూపిస్తె అన్నట్టే గదా. గా కాలు మీద గీ మాట పడితే ఆమె ఈడికి వస్తదా?"

"మరి నన్ను అన్ననాడు?" అన్నాడు నాయిన. అరవై దగ్గరపడ్డ మనిషి, పలక పగలగొట్టలేదని మాస్టారుకు చెప్పుకునే పిల్లాడిలా. నేనేదో జోకు వేయబోయి ఆగాను. నిజం చెప్పాలంటే నాకూ ఆ టైల్ అవ్వకు చూపించాలనే ఉంది. నా ట్రంకు పెట్టె మీద కూర్చుని చదివిన నేను కూడా ఆ కేసులో బాధితుణ్నే.

ఆదివారం దాకా ఆగాల్సిన పని లేకుండా అవ్వే ఫోన్ చేయించింది, వీడియో కాల్. అత్తమ్మ ఫోన్ పట్టుకున్న తీరుకు మాకు అవ్వ నుదురూ, పైన తిరుగుతున్న ఫ్యానూ కనిపించాయి. నేను ఫోన్ తిప్పి వాకిట్లో పోసిన టైల్స్ కుప్ప చూపించాను.

"అన్ని పీకిండ్రా?"

"అన్ని పీకినమవ్వా" అన్నాడు నాయిన. ఆయన ఒక చేతిలోకి ఫోన్ తీసుకున్నాడు. రెండో చేతిలో తువ్వాల అప్పటికే విప్పి ఉంది. "అవ్వా, నీకొకటి సూపియ్యాలె."

"నువ్వు తర్వాత సూపిద్దువు. ముందుగాల నా మాట ఇను" అంది అవ్వ. "కొత్త బండలు ఏసేముందు ముగ్గెయ్యుండ్రి. మరువకుండ్రి. పోయినపారి నేను ఏసిన, నీకు యాదుండదు. గది కింద ఉండబట్టే నా పానం దక్కింది కొడుకా. లేకుంటే తల పలిగి ఆన్నే పోదును. ఈడ నిద్ర పట్టనప్పుడు నేను గదే తలుసుకుంట పండుకుంటున్న. మల్ల నడుస్తనో లేదోనని బుగులైతే, నా ముగ్గు ఉన్నది గదా కింద, ఏం గాదు అనుకుంటున్న."

టైల్ నాయిన మోకాలి దగ్గర ఉంది. ఒక్క జానెడు పైకి ఎత్తితే అవ్వకు కనపడుతుంది. అమ్మ వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది.

"ఏందో సూపిస్త అన్నవ్?" అంది అవ్వ.

నాయిన ఒకసారి ఊపిరి పీల్చుకున్నాడు. "ఏం లేదు. గోడలు. సున్నం ఏసినం, సూపిద్దామనుకున్న" అని, వంగి, ఆ టైల్‌ను ముగ్గు కిందికి ఉండేలా కుప్పలోకి జారవిడిచాడు. "ఎన్ని సుక్కల ముగ్గవ్వా గది?"

అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. నాయినకు సుక్క తెలియదు, మెలిక తెలియదు. అయినా ప్రతిదానికీ ఊఁ కొట్టాడు.

యాదయ్య మాత్రం ఒప్పుకోలేదు. పిండి మీద మాలు, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్ద, పట్టదు, రేపు టైల్ ఊగితే తనను అనొద్దన్నాడు. ముగ్గేయకపోతే అవ్వ రాదు, వేస్తే మళ్లీ పాత కథే. నేను రెండు గంటలు ఫోన్లో వీడియోలు వెతికాను, ముగ్గు మీద టైల్స్ వేయడం గురించి ప్రపంచంలో ఎవరూ వీడియో చేయలేదు. చివరికి అమ్మ, సందులు పూడ్చడానికి తెచ్చిన తెల్ల సిమెంటు సంచిలో చెయ్యి పెట్టి, చిటికెడు తీసి వేళ్ల సందు నుంచి జారవిడిచి చూసింది. గీత సన్నగా, తిన్నగా పడింది. "గిది గూడ తెల్లగనే ఉన్నది గదా" అంది. యాదయ్య మొదటిసారి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అలా తడి నేల మీద అమ్మ తెల్ల సిమెంటుతో, అవ్వ చెప్పిన సుక్కలతో, గోడ నుంచి గోడకు ముగ్గు వేసింది. అది గట్టిపడి నేలను పట్టుకున్నాక దాని మీద మాలు, దాని మీద కాలు జారని గరుకు టైల్స్.

ఇప్పుడు మా ఊళ్లో ఏ ఇంట్లోకి పోయినా ఇదే నేల. కర్రకు కట్టిన గుడ్డతో తుడవడమే, నీళ్లు పోయడం లేదు, పడుకున్నవాణ్ని తడిపి లేపేవాళ్లు లేరు. గొర్రెలకు వేరే కొట్టం కట్టాక అర్రలో ఆ వాసన కూడా పోయింది. బస్సులో నా పక్కన మనుషులు కూర్చుంటున్నారు. చాలా సుఖంగా ఉంది, ఎందుకో చెప్పలేను గానీ కాళ్లు చాపుకోవడానికి జాగా లేదు.

అవ్వ వచ్చిన రోజు నాయిన మందను తోలుకుపోలేదు. అత్తమ్మ ఒక పక్క, స్టాండు ఒక పక్క, అవ్వ గడప ముందు ఆగింది. నాయిన చెయ్యి చాపితే వద్దంది. స్టాండు లోపల పెట్టింది, అదిమి చూసింది, ఒక కాలు వేసింది, ఇంకో కాలు వేసింది. ఎక్కడా ఏదీ లేవలేదు. నాయిన ఆమె వెనకే, పడితే పట్టుకునేంత దగ్గరలో, ఆమెకు తెలియనంత దూరంలో నడిచాడు. పొయ్యి దగ్గరికి పోయే దారిలో అవ్వ ఆగి, కిందికి చూసి అడిగింది.

"ముగ్గేసిండ్రా?"

"ఏసినమవ్వా."

"నేను చెప్పినట్టే?"

"నువ్వు చెప్పినట్టే."

"పిండి మంచిదేనా? ఉత్త సున్నం అమ్ముతున్నరు గీనడుమ."

నాయిన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"మస్తు మంచి పిండి" అన్నాడు నాయిన. "నీ మనుమడే తెచ్చిండు."